హాట్ ఫజ్ (2007) ఎవరెవరు చూశారు? నాకైతే పిచ్చెక్కిపోయింది (స్పాయిలర్లు ఉన్నాయి, చూసుకోండి)

పెన్నా_తీరం
నిన్న రాత్రి మూడోసారి చూశా ఈ సినిమా, పొద్దున ఆఫీసులో కూడా అదే తలలో తిరుగుతా ఉంది, అందుకే ఈ థ్రెడ్. మొదటిసారి హాస్టల్లో సీనియర్ ఒకడు హార్డ్ డిస్క్‌లో వేసిచ్చాడు, సబ్‌టైటిల్స్ లేవు, వాళ్ళ ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థం కాలా, అరగంట చూసి ముసుగు తన్నా. మళ్ళీ లాక్‌డౌన్లో సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూస్తే తెలిసింది అప్పుడేం వదిలేసుకున్నానో.

చూడని వాళ్ళకి కథ రెండు ముక్కల్లో. లండన్లో నికోలస్ ఏంజెల్ అని ఒక పోలీసాయన, సైమన్ పెగ్ వేశాడు. డ్యూటీ అంటే ప్రాణం, అరెస్టుల్లో మిగతా వాళ్ళకంటే 400 శాతం ఎక్కువ. నీ వల్ల మేమంతా పనికిమాలినోళ్ళలా కనపడతన్నాం అని పై ఆఫీసర్లే సార్జెంటు ప్రమోషనిచ్చి మరీ శాండ్‌ఫర్డ్ అనే పల్లెకి తోసేస్తారు. అక్కడ నేరాల్లేవు, తప్పించుకుపోయిన హంసని పట్టుకోవటమే పెద్ద కేసు. కానీ వరసగా మనుషులు పోతా ఉంటారు, ఊళ్ళో అందరూ 'అయ్యో ప్రమాదం' అంటారు, ఈయనొక్కడికే అనుమానం.

చూస్తే ఏముంది ఇందులో, ఒక పల్లె, ఒక పబ్బు, ఒక సూపర్‌మార్కెట్, ఓ పదిమంది ముసలోళ్ళు. అయినా ఇంతలా ఎట్లా పట్టేసిందబ్బయ్యా నాకు?

సెకండ్‌షో_సాంబ
వచ్చాడండీ మూడోసారి చూసినోడు. బాసూ నేనూ చూశా, మొదటి గంట నరకం. హీరో ఊళ్ళోకి రావటం, పూలకొట్టు ఆవిడతో మాట్లాడటం, కేకులు తినటం, నాటకం చూడటం. యాక్షన్ కామెడీ అన్నారు కదా యాక్షన్ ఏదిరా అని ఫార్వర్డ్ కొట్టుకుంటూ పోయా. చివరి అరగంట మాత్రం బాగుంది, ఒప్పుకుంటా.

కటింగ్_టేబుల్
సాంబ గారూ ఫార్వర్డ్ కొట్టి చూడకూడని సినిమా ఏదైనా ఉంటే అది ఇదేనండి. మీకు నరకంలా అనిపించిన ఆ గంటలోనే సరుకంతా ఉంది. చివర్లో పేలే ప్రతి టపాసూ అక్కడ పెట్టిందే.

ఉదాహరణకి కెచప్ ప్యాకెట్. మొదట్లో డానీ (నిక్ ఫ్రాస్ట్, ఇన్‌స్పెక్టర్ గారి అబ్బాయి, తనూ కానిస్టేబులే) కంట్లో ఫోర్కు గుచ్చుకున్నట్టు నటించి కెచప్ చిమ్మిస్తాడు, హీరో జడుసుకుంటాడు, మనం నవ్వి ఊరుకుంటాం. గంట తర్వాత అదే డానీ హీరో గుండెల్లో కత్తి దించుతాడు. రక్తం. మనకి నోట మాట రాదు. తీరా చూస్తే కత్తి దిగింది జేబులో ఉన్న నోట్‌బుక్కులో, కారింది కెచప్. హంసా అంతే, పొలంలో దొరికిన పాత సముద్రపు మైనూ (నీళ్ళలో ఓడల్ని పేల్చే బాంబు) అంతే. 'గాల్లోకి ఎగురుతూ రెండు చేతుల్తో రెండు తుపాకులు ఎప్పుడైనా పేల్చావా?' అని డానీ పిల్లాడిలా అడుగుతాడు చూడండి, హీరో లేదంటాడు, మా పనంతా కాగితాలు రాయటమే అన్నట్టు చెప్తాడు. చివరికి వాడడిగినవన్నీ ఒకటొకటిగా జరుగుతాయి. అప్పు చేసి వడ్డీతో సహా తీర్చేసినట్టు.

నేను అసిస్టెంట్ ఎడిటర్‌గా చేస్తానండి, కాబట్టి కొంచెం లొడలొడా ఎక్కువ ఉంటుంది, ఓపిక పట్టండి. లండన్ నుంచి పల్లెకి ప్రయాణం ఎలా చూపించారో గుర్తుందా? మన దగ్గరైతే డ్రోను, రైలు, పచ్చని పొలాలు, ఒక పాట బిట్టు. ఇక్కడ ఒళ్ళో పూలకుండీ పెట్టుకుని బిక్కమొహం వేసుకు కూర్చున్న మనిషి, ఫోనులో సిగ్నల్ గీతలు ఒకటొకటి తగ్గటం, రైలు, చీకటి, వాన. పావు నిమిషంలో ఊరు మారిపోయాడు, పైగా ఎంత ఒంటరివాడైపోయాడో కూడా తెలిసిపోయింది.

అలాగే అరెస్టు చేశాక కాగితాలు రాసే సీన్లు. పెన్ను క్లిక్, ఫారం దబ్, ఫ్లాష్ కొట్టి ఫొటో, సెల్లు తలుపు ధడేల్. ఒక్కో ఇన్సర్టు (చెయ్యో, వస్తువో దగ్గరగా చూపించి మధ్యలో అతికే చిన్న షాటు) సెకను కూడా ఉండదు, కానీ ఎఫెక్ట్స్ మాత్రం తుపాకీ లోడ్ చేస్తున్నంత. గుమాస్తా పనిని ఫైటులా కోశారు. ఎడిటర్ పేరు క్రిస్ డికెన్స్. మా ఎడిటర్ గారికి చూపిస్తే ఆయన అన్నది ఒకటే మాట, 'ఇది టేబుల్ మీద పుట్టింది కాదురా, కాగితం మీద పుట్టింది'. అంటే రాసేటప్పుడే కట్స్ రాసుకున్నారని. మాకు ఇన్సర్టులు ఎలా వస్తాయో తెలుసా, ప్యాకప్ చెప్పాక లైట్లు దించేస్తుంటే అసిస్టెంట్ డైరెక్టర్ పరిగెత్తుకొచ్చి 'అన్నా ఒక్క చెయ్యి షాట్' అని బతిమాలితే వస్తాయి 😂

కరీంనగర్_పిల్లగాడు
కటింగ్ అన్న మస్తు జెప్పినవ్. నాకు గా ఊరోళ్ళను జూస్తే మా ఊరే యాదికొచ్చింది. వాళ్ళకేమో 'ఉత్తమ గ్రామం' బహుమతి రావాలె, గందుకని ఊరి అందం చెడగొట్టేటోళ్ళనందరిని లేపేస్తుంటరు. జిప్సీలు, హుడీ ఏసుకున్న పోరగాళ్ళు, ఆఖరికి సిల్వర్ పెయింట్ పూసుకుని బొమ్మలెక్క నిలబడేటోన్ని గూడ.

మా ఊరికి ఒకసారి అవార్డు కోసం పెద్దసార్లొస్తున్నరంటే ఏం జేసిండ్రో తెల్సా, పొద్దుగాల్నే కుక్కల్ని ట్రాలీల ఎక్కిచ్చి పక్కూరి పొలిమేర్ల ఇడిసిపెట్టిండ్రు, ఇద్దరు తాగువోతుల్ని మా పెదబాపు ఇంట్ల తాళమేసి కూసోవెట్టిండ్రు. గా తాగువోతులు లోపల్నుంచి పాటలు పాడుతుంటే బయట సర్పంచి స్పీచు. హాట్ ఫజ్ జూసినంక అనుకున్న, ఇంకొంచెం ముందుకు వోతే మావోళ్ళు గూడ గంతే 😅

గా 'అందరి మేలు కోసం' అని అందరు గుసగుసగ ఒక్కసారే అంటరు సూడు, నవ్వొస్తది గని జర భయం గూడ అయితది.

సెకండ్‌షో_సాంబ
సరే స్క్రీన్‌ప్లే గొప్పదే, ఒప్పుకున్నా. కానీ అందరూ దీన్ని 'తక్కువ బడ్జెట్ సినిమా' అంటుంటే నాకు ఒళ్ళు మండుద్ది. దాదాపు 80 లక్షల పౌండ్లు అయింది. 2007లో పౌను 80 రూపాయల పైనే. లెక్కేస్కోండి, 60 కోట్లు దాటిపోయింది. అప్పట్లో మన స్టార్ హీరో సినిమాకి కూడా అంత పెట్టినోడు లేడు. ఇది తక్కువైతే మనయ్యి ఏంటి మాస్టారూ, చిల్లర డబ్బులా?

పెన్నా_తీరం
హహ నిజమే. కానీ ఏ తూకంలో పెట్టి చూస్తున్నావనేది ఉంటది కదా సాంబన్నా. ఇందులో డానీ పూజించే హాలీవుడ్ సినిమాల్లో ఒకటి బ్యాడ్ బాయ్స్ 2, దానికి 13 కోట్ల డాలర్లు అయింది. దీనికయింది అందులో ఎనిమిదో వంతు. పక్క దుకాణం దీపావళికి లారీ సరుకు దించితే వీళ్ళు సంచీ సరుకుతో అదే మోత మోగించారు. వసూళ్ళు చూస్తే ప్రపంచమంతా కలిపి 8 కోట్ల డాలర్ల దాకా.

ఉత్తరాంధ్ర_ఉప్పు
నాకు సినిమా మొత్తం మీద ఆ రైతు సీనే. ఆ ముసలాయన మాట్లాడింది హీరోకి ముక్క అర్థం కాదు, పక్కనున్న పెద్ద కానిస్టేబుల్ దాన్ని తన యాసలో చెప్తాడు, అదీ హీరోకి అర్థం కాదు, దాన్ని డానీ మళ్ళీ మామూలు ఇంగ్లీషులోకి మార్చి చెప్తాడు. ఒక్క మాటకి ఇద్దరు దుబాసీలు!

మాది సిక్కోలు జిల్లా లోపల. హైదరాబాద్ ఆఫీసులో ఓ రోజు మా తాతతో ఫోన్లో మాట్లాడీసి పెట్టీసాను, పక్క సీటు కుర్రోడు 'ఒరియా బాగా మాట్లాడతావే' అన్నాడు. ఒరియా ఏటిరా బాబూ, అచ్చ తెలుగు! ఆ రోజునుంచి ఆ సీనొస్తే నేను నవ్వను, ఆ ముసలాయన పక్షాన నిలబడతాను.

మరొకటి, ఆ పేరు జోకు ఎంతమందికి తగిలింది? హంస పోయిందని ఫోన్ చేసినాయన పేరు పీ.ఐ. స్టేకర్ అని రాసుకుంటారు. గబగబా పలికితే ఇంగ్లీషులో 'ఆటపట్టించేవోడు' అని బూతు కలిపినట్టు వినపడతాది. హీరో ఇదెవడో దొంగ ఫోను అనుకుని కసురుతాడు. తర్వాత సీన్లో ఆయన నిజంగానే ఎదురుగా కూర్చుని ఉంటాడు, పీటర్ ఇయాన్ స్టేకర్, హంస ఎలాగుంటాదో చెప్తాడు పాపం. తెలుగులోకి డబ్బింగ్ చేస్తే ఆ పేరుని ఏటి చేస్తారో మరి.

కరీంనగర్_పిల్లగాడు
'ఎకసెక్కాల రావు' అని పెట్టొచ్చు 😂

ఉత్తరాంధ్ర_ఉప్పు
'ఏ. కాశీ. కారావు' అని ఇంటి పేరు పొట్టి చేసి పెడితే ఇంకా బాగుంటాది

లలిత_బ్రిస్టల్
థ్రెడ్ ఇప్పుడే చూశాను. నేను బ్రిస్టల్లో ఉంటానండి, ఈ సినిమా తీసిన ఊరు వెల్స్, సోమర్‌సెట్‌లో, మాకు దగ్గరే. డైరెక్టర్ ఎడ్గర్ రైట్ పెరిగిన ఊరు అదే. కుర్రాడిగా ఉన్నప్పుడు చేతికందిన కెమెరాతో పోలీసు సినిమా ఒకటి అక్కడే తీసుకున్నాడు, సినిమాలో కనిపించే సూపర్‌మార్కెట్లోనే చిన్నప్పుడు అరల్లో సరుకులు సర్దేవాడట. అంటే ఈ బడ్జెట్ గొడవంతా పక్కన పెడితే, మనిషికి ఊళ్ళో ప్రతి సందూ తెలుసు, అదీ పెట్టుబడే కదా.

కిందటి వేసవిలో మావారూ నేనూ వెళ్ళాం. వెల్స్‌కి రైలు లేదు, బస్సే. దిగి సెంటర్లోకి నడిస్తే సినిమాలో తుపాకులు పేలిన బజారు అదే, ఆ ఫౌంటెన్ అదే. నేను ఠక్కున ఆగిపోయి ఇక్కడే కదా సైకిలు మీద ముసలావిడ పిస్తోళ్ళు పేల్చింది అని గట్టిగా అన్నాను, పక్కన నిజంగానే ఒక ముసలావిడ సైకిలు పట్టుకుని నిలబడి ఉంది. తెలుగులో అన్నాను కాబట్టి బతికిపోయాను.

అసలు విచిత్రం చెప్తాను. వెల్స్ చూడటానికి పల్లెలా ఉంటుంది కానీ లెక్కప్రకారం సిటీ, ఎందుకంటే అక్కడ పెద్ద కెథడ్రల్ ఉంది. ఎటు తిరిగినా అదే కనిపిస్తుంది. సినిమాలో శాండ్‌ఫర్డ్ పల్లెటూరు కదా, అంత పెద్ద గుడి ఉంటే ఎలా, అందుకని షాట్లలో ఎక్కడెక్కడ కెథడ్రల్ పడిందో అక్కడల్లా కంప్యూటర్లో చెరిపేశారు! మామూలుగా గ్రాఫిక్స్ అంటే లేని కోటలు కడతారు, వీళ్ళు ఎనిమిది వందల ఏళ్ళ నాటి గుడిని మాయం చేశారు. విలేఖరి మీద రాయి పడే చర్చి వేరు, సెయింట్ కత్‌బర్ట్స్, ఊళ్ళోనే కొంచెం అవతల ఉంటుంది. తల పైకెత్తి చూశాను, కొంచెం పక్కకి జరిగాను కూడా, మనకెందుకొచ్చిన గొడవ.

ఇంకొకటి, బిషప్ గారి ప్యాలెస్ చుట్టూ కందకం ఉంటుంది, అందులో హంసలు. ఆకలేస్తే గోడకి కట్టిన గంట తాడు ముక్కుతో లాగుతాయి, మేత వేస్తారు. 19వ శతాబ్దం నుంచి ఉన్న అలవాటు ఇది. సినిమాలో హంస ఎందుకుందో నాకు అప్పుడు వెలిగింది (ఇది నా ఊహే సుమా). గంట కొడుతుందేమోనని అరగంట నిలబడ్డాం. కొట్టలేదు. మావారు శాండ్‌విచ్ తీసేసరికి ఒకటి గట్టెక్కి నేరుగా ఈయన మీదకొచ్చింది, ఈయన పరుగు. తిరుగు బస్సు ఒకటి రానేలేదు, ఇంకో గంట చలిలో నిలబడ్డాం, ఆ గంటా ఈయన హంసని తిడుతూనే ఉన్నారు.

కటింగ్_టేబుల్
లలిత గారూ కెథడ్రల్ చెరిపేసిన సంగతి తెలీదండి నాకు, మళ్ళీ చూడాలి. చెరిపిన గ్రాఫిక్స్ ఎవరికీ కనపడవు, ఆ చేసినోళ్ళకి చప్పట్లూ పడవు.

సెకండ్‌షో_సాంబ
అందరూ పొగుడుతున్నారు కాబట్టి నేను తిట్టాల్సిందే, లేకపోతే థ్రెడ్ చప్పగా ఉంటది. హీరోయిన్ లేదు. స్పూఫ్ అన్నారు, స్పూఫ్ అంటే తొడ కొడితే రైలు వెనక్కెళ్ళే సీన్ని ఎక్కిరించటం, అది ఒక్క నిమిషంలో అర్థమయ్యి నవ్వొస్తది. ఇందులో ఎవరిని ఎక్కిరిస్తున్నారో చెప్పటానికి ముందు పది హాలీవుడ్ సినిమాలు చూసి రావాలా?

పెన్నా_తీరం
అక్కడే సాంబన్నా నువ్వు దొరికిపోయావు. ఇది ఎక్కిరింపే కాదు అంటా నేను. ఎక్కిరించేవాడు పైన కూర్చుని చూస్తాడు. వీళ్ళు డానీ పక్కన సోఫాలో కూర్చుని చూస్తున్నారు. డానీ ఇంట్లో గోడ నిండా డీవీడీలు, ఏంజెల్ని కూర్చోబెట్టి రాత్రంతా సినిమాలు చూపిస్తాడు చూడు, అందులో ఒకదాంట్లో హీరో దొంగని కాల్చలేక తుపాకీ గాల్లోకి పేల్చి అరుస్తాడు. చివర్లో డానీ ఎదురుగా సొంత నాన్న పారిపోతా ఉంటాడు, తుపాకీ చేతిలో ఉంది, కాల్చలేడు, అచ్చం అట్లాగే పడుకుని గాల్లోకి పేలుస్తా అరుస్తాడు. జోకు అదే, కానీ వాడి మొహం చూడు, నవ్వు సగంలో ఆగిపోతది. పది సినిమాలు చూసి రావక్కర్లా, ఆ ఒక్క సినిమా కూడా ఇందులోనే చూపించేశారు కదా.

హీరోయిన్ సంగతికొస్తే, మొదట రాసిన స్క్రిప్టులో ఉంది, విక్టోరియా అని. తర్వాత తీసేశారు. తీసేసి ఏం చేశారంటే ఆమె డైలాగులు చాలావరకు మార్చకుండానే డానీకి ఇచ్చేశారు! ఇప్పుడు మళ్ళీ చూడు వాళ్ళిద్దరూ పబ్బులోంచి ఇంటికి నడిచే సీను, లోపలికి కాఫీకి రమ్మనే సీను 😄

కరీంనగర్_పిల్లగాడు
వామ్మో. గిది తెల్వది నాకు. అందుకేనా గా సీన్ల నాకేందో సిగ్గనిపించింది

కటింగ్_టేబుల్
నా వంతు ఒక్కటి చెప్పి ఆపేస్తా. ఈ సినిమాలో నాకు అన్నిటికంటే ఇష్టమైంది హీరో తప్పు కావటం. ఏంజెల్ కూర్చుని చచ్చిపోయిన వాళ్ళందరినీ ఒక దారంతో గుచ్చుతాడు, బైపాస్ రోడ్డు, భూముల ధరలు, ఎవరికి ఎవరితో లావాదేవీ, అబ్బో, ఒక్క పొరపాటు లేకుండా చెప్తాడు. మనం అవును కదా అనుకుంటాం. తీరా హంతకుల ముందు నిలబడి అదంతా ఏకరువు పెడితే వాళ్ళు తెల్లబోతారు, అదేం లేదే అంటారు. నాటకంలో వాళ్ళిద్దరి నటన ఘోరంగా ఉంది, అందుకని. పేపరోడు అచ్చుతప్పులు వేస్తున్నాడు, అందుకని. ఆయనెవరో కట్టుకున్న ఇల్లు ఊరి తీరుకి నప్పలేదు, అందుకని. పూలకొట్టావిడ ఊరొదిలి వెళ్ళిపోతోంది, ఆవిడ చెయ్యి మంచిది, వేరే ఊరికి పేరొస్తుంది, అందుకని! ఇంత పెద్ద ముడి వేసి ఇలా పుటుక్కున తెంపటానికి ధైర్యం కావాలండి. కథా చర్చల్లో ఎవరైనా ఈ మాటంటే 'కారణం బలంగా లేదమ్మా' అని టీ తాగి పంపించేస్తారు.

తిమొతీ డాల్టన్ని మర్చిపోయాం అందరం. 1987లో, 1989లో జేమ్స్ బాండ్‌గా చేసిన మనిషి, ఇక్కడ సూపర్‌మార్కెట్ మేనేజరు. మొదటిసారి కలిసినప్పుడే 'నన్ను పట్టుకెళ్ళి లోపలెయ్యండి, నేను కోతలోణ్ణి' అంటాడు, ఒక్క క్షణం ఆగి 'ధరల కోత' అంటాడు. మొదటి సీన్లోనే నేరం ఒప్పేసుకున్నాడు, ఎవడూ పట్టుకోలేదు. మ్యూజిక్ కూడా బాండ్ సినిమాలకి చేసిన డేవిడ్ ఆర్నాల్డే.

ఉత్తరాంధ్ర_ఉప్పు
కేట్ బ్లాంచెట్ ఉందని తెలుసా? మొదట్లో హీరోని వదిలేసిన లవర్, ఒళ్ళంతా తెల్ల సూటు, మూతికి మాస్కు, కళ్ళు మాత్రమే కనిపిస్తాయి. అంత పెద్ద నటి, పేరు కూడా వెయ్యలేదు. మనోళ్ళయితే ట్రైలర్ నిండా ఆవిడే కదేటి.

సెకండ్‌షో_సాంబ
సరే బాబూ సరే. ఈ శనివారం మళ్ళీ చూస్తా, ఫార్వర్డ్ కొట్టకుండా. నచ్చకపోతే మళ్ళీ ఇక్కడికే వచ్చి అందరి పనీ పడతా.

పెన్నా_తీరం
రా అన్నా రా.

అందరికీ ఒక సంగతి చెప్పాల. మా నాయన హెడ్ కానిస్టేబుల్‌గా రిటైర్ అయ్యాడు. మీరంతా ఇంత రాసేసరికి నిన్న ఆయన్ని కూర్చోబెట్టి చూపించా, పక్కన నేను తెలుగులో చెప్తా ఉంటే. తుపాకుల సీన్లకి నవ్వలేదు, గొణుక్కుంటా ఉన్నాడు. ఏంది నాయనా అంటే 'ఇన్ని రౌండ్లు పేలిస్తే ఖాళీ గుండ్లు ఎవరు ఏరతార్రా' అన్నాడు. డ్యూటీలో ఉన్నప్పుడు ఫైరింగ్ ప్రాక్టీసుకి పోతే ఎన్ని ఇచ్చారో అన్ని ఖాళీలు తిరిగి అప్పజెప్పాలంట. ఒకసారి ఒక్కటి తక్కువొచ్చి సాయంత్రం దాకా గడ్డిలో వెతికారంట మోకాళ్ళ మీద.

అంతా అయిపోయాక ఏంజెల్ లండన్ పోనని చెప్పి, బోలెడు కాగితాలు రాయాల్సి ఉంది అని స్టేషన్లో అందరూ కూర్చుని రాస్తా ఉంటారు చూడండి. అక్కడ నవ్వాడు. మామూలు నవ్వు కాదు, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. 'వీడు పోలీసోడు' అన్నాడు.

ఇందాక టిఫిన్ తింటా ఉంటే మళ్ళీ అడిగాడు, ఆ హంస కారులోకి ఎట్లా వచ్చిందిరా అని. మధ్యలో కునుకు తీశాడు, వీళ్ళు దాన్ని పట్టుకుని కారులో పడేసిన సీను పోయింది ఆయనకి.

లలిత_బ్రిస్టల్
అంకుల్ గారికి ఆ సీను మళ్ళీ వేసి చూపించండి. మావారి పక్కన కూర్చుని మాత్రం వద్దు.